యాదగిరి సార్ చూపిన సుత్తి ముద్ర

నిన్న రాయదుర్గంలో మెట్రో దిగి ఆఫీసుకు నడుస్తుంటే పచ్చి వేపచెక్క వాసన ముక్కుకు తగిలింది. రోడ్డు పక్కన అప్పుడే చెట్టు కోసినట్టున్నారు, రంపపు పొట్టు ఇంకా తడిగానే ఉంది. చేతిలో ఫోన్, అందులో కెమెరా తెరిచే ఉంది. అయినా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. మెడలోని ఐడీ కార్డు వేలాడి మట్టికి ఆనింది. ఏదో పోగొట్టుకున్నాననుకుని ఇద్దరు ఆగారు కూడా. అలా కూర్చోవడం నాకు నేర్పింది యాదగిరి సార్.

హఫీజ్‌పేటలో మా కింది ఫ్లాట్ ఆయనది. అటవీశాఖలో రేంజరుగా రిటైరయ్యారు. లిఫ్టులో కనిపిస్తే నా ఫోన్ వైపు చూసి, "దానికి జర రెస్టియ్యి బిడ్డా" అనేవారు. అంతకు మించి పరిచయం లేదు, మా కాలనీ వెనక ఖాళీ జాగాలో చెట్లు కొట్టడం మొదలయ్యేదాకా.

ఆ రంపం చప్పుడు వినగానే పరుగెత్తాను. కోస్తున్న మల్లేశ్ అనే కూలీ మొహం మీద కెమెరా పెట్టి "దొంగ" అని అరిచాను. "పర్మిషన్ ఉందమ్మా" అంటున్నా వినలేదు. సాయంత్రానికి వీడియో కాలనీ గ్రూపులన్నీ తిరిగింది. మర్నాడు ఎవరో అతన్ని గుర్తుపట్టి గల్లా పట్టుకున్నారు. కాంట్రాక్టర్ పనికి రావద్దన్నాడు. నేను గెలిచాననుకున్నాను. సార్ వచ్చి తలుపు కొట్టి, చెప్పులు వేసుకొని రమ్మన్నారు.

జాగాలో మల్లేశ్ కోసిన చెట్టు మొదలు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మట్టి తుడిచారు. చెక్కలో లోతుగా దిగిన గుండ్రటి ముద్ర, పక్కన నంబరు.

"ఏందిది?"

"తెలియదు సార్."

"తెల్వకుండనే దొంగన్నవా? కొట్టనీకి ఒప్పుకున్న చెట్టుకు రెండు తాన సుత్తి ముద్ర ఏస్తరు. ఒకటి మీద దుంగకు, ఒకటి కింద మొదట్ల. దుంగ లారీ ఎక్కి పోతది. మొదలు యాడికీ పోదు. అందుకే మేం దాన్నే అడుగుతం."

నాకు ఉక్రోషం వచ్చింది. "అంటే మీరు కొట్టేవాళ్ల పక్షమా?"

"ముప్పై ఏండ్లు కొట్టించిన. ముదురుది తీసి లేతదానికి ఎండ ఇచ్చినం. విత్తనం రాల్చే చెట్టును మాత్రం ముట్టనియ్యలే. నీ కోపం మంచిదే బిడ్డా. జర మోకాళ్ల మీద కూసోవెట్టు."

ఒక్కో మొదలూ తుడుచుకుంటూ వెళ్లాం. గోడ వారన మూడింటి మీద కొత్త మట్టి కప్పి ఉంది. తీసి చూస్తే ముద్ర లేదు. అన్నిటికన్నా లావైనవి అవే. వాటి వెనక నిలబడి ఉన్న వేపల వరుసకూ ముద్రల్లేవు. రేపో మాపో అవీ పోతాయి.

ఫోన్ ఎత్తాను. సార్ నా చెయ్యి పట్టుకున్నారు.

"ముందు మల్లేశ్ సంగతి జూడు. నిన్న తప్పు చెప్పినవ్. ఇయ్యాల నిజం చెప్తే ఎవరు నమ్ముతరు?"

మల్లేశ్ ఇంటికి వెళ్లి తప్పైపోయిందన్నాను. అతను నా ఫోన్ వైపు వేలు చూపించి, "గా మాట దాంట్ల కూడ చెప్పు" అన్నాడు. పాత వీడియో తీసేసి, ముద్ర ఫొటోతో సహా ఆ మాటే పెట్టాను. నన్ను తిట్టినవాళ్లు తిట్టారు. మల్లేశ్‌ను మళ్లీ పనికి పిలిచారు. ఆ తర్వాతే ముద్రలేని మొదళ్ల పక్కన కొలత టేపు పరిచి ఫొటోలు తీసి, ఫిర్యాదు రాశాను. సార్ రెండుసార్లు దిద్దించారు, ప్రతిసారీ తిట్లు కొట్టేయించారు. అధికారులు వచ్చి కొలుచుకున్నారు. వేపల జోలికి మళ్లీ ఎవరూ రాలేదు.

పోయిన చలికాలం సార్ కన్నుమూశారు. ఆ వేపలు మాత్రం మా బాల్కనీలోకి పూత రాలుస్తూనే ఉన్నాయి.

నిన్న రాయదుర్గంలో మొదలు మీది పొట్టు అరచేత్తో తుడిచాను. ముద్ర ఉంది. కెమెరా మూసేశాను. కోపం ఎక్కడికీ పోలేదు, నా పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది.