పాల సుబ్బులు పెరటి తలుపు

ఒక మనిషి నన్ను నమ్మి ఒక సాయం అడిగింది. నేను అబద్ధం చెప్పాను. జరిగింది ఇంతే. ఈ ఇంతేను నేను నడివయసంతా మోశాను, ముసలితనంలోనూ మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. ఆవిడ పోయేదాకా మంచం పక్కనే కూర్చున్నాను, అప్పుడూ నోరు పెగల్లేదు. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు తెలియదు, కాబట్టి మీకు చెప్పగలననిపించింది. అయినా రాయడం మొదలుపెట్టిన ఈ నిమిషంలో కూడా, మీరు దీన్ని తీసుకెళ్ళి ఎవరికి చూపిస్తారో అని లోపల ఒక అనుమానం. అది నా జబ్బు. దాని సంగతే చెప్పబోతున్నాను.

నైజాం రాజ్యంలో గొడవలు ముదిరిన రోజులవి. మాచర్లలో ఒక బళ్ళో డ్రాయింగు మేష్టరుగా చేరాను. మాది ధరణికోట. పెళ్ళి కాలేదు. ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. మద్రాసులో ఉద్యోగం చేసే మా బావ కొత్త కెమెరా కొనుక్కుని పాతది నాకిచ్చాడు. నల్లటి డబ్బా. పొట్టకు ఆనించి పట్టుకుని, పైనున్న చిన్న అద్దంలోకి వంగి చూసి, మీట నొక్కాలి. ఎదుటిది కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. మనుషులు కదులుతారు. పైగా మనుషుల్ని అడగాలి, ఒప్పించాలి, నవ్వించాలి. నాకు అంత చొరవ లేదు. తలుపులు కదలవు. ఏమీ అడగవు. అందుకని సాయంత్రం ఎండ వాలే వేళ ఊళ్ళో నడుస్తూ, నచ్చిన తలుపు కనపడ్డచోట ఆగి ఫోటో తీసేవాణ్ణి.

మాచర్ల ఇళ్ళు రాతి ఇళ్ళు. గోడలన్నీ ఒకేలా ఉంటాయి, తలుపులు మాత్రం దేనికదే. ఒకదానికి ఇత్తడి బొడిపెలు, ఒకదానికి మసి పట్టిన చిలకల చెక్కడం, ఇంకోదానికి ఒక రెక్క టేకు, ఒక రెక్క వేప. నాకది పిచ్చి అయింది. ఫిల్ము గుంటూరు నుంచి తెప్పించుకునేవాణ్ణి, అక్కడికే పంపి కడిగించేవాణ్ణి.

నేను సరదా అనుకున్నదాన్ని ఊరు మరోలా చూసింది. కృష్ణ అవతల నుంచి జనం మూటలతో దాటి వస్తున్నారు. ఎవరు కాందిశీకుడో, ఎవరు రజాకార్లకు కబుర్లు మోసేవాడో తెలియక ఊరు ఊరంతా ఒకరి మొహం ఒకరు తేరిపార చూసుకుంటున్న కాలం. అలాంటి కాలంలో ఒక పైఊరివాడు ఇళ్ళ ముందు ఆగి, వంగి, డబ్బాలోకి చూసి, ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్ళిపోతుంటే ఏమనుకుంటారు? దోపిడీకి ఇళ్ళు గుర్తు పెడుతున్నాడన్నారు. లెవీకి ఇవ్వకుండా ధాన్యం దాచినవాళ్ళ ఇళ్ళు సర్కారుకు చూపిస్తున్నాడన్నారు. నేను పోతుంటే అరుగుల మీద మాటలు ఆగిపోయేవి. నా వెనకాల తలుపులు మూసుకునే చప్పుడు వినపడేది.

నాకు పాలు పోసే ఆవిడ పేరు సుబ్బులు. పాల సుబ్బులు అనేవారు. ఆమె మొగుడు లక్ష్మయ్య నాపరాతి క్వారీలో పనిచేసి, రాతి దుమ్ముతో రొమ్ము చెడి, మంచాన పడ్డాడు. ఆమె గేదెల మీదే ఆ ఇల్లు గడిచేది. వీధి గుమ్మానికి ఎత్తైన రాతి మెట్లు, గొడ్లు ఎక్కలేవు. పెరటి గోడలో ఒక తలుపుంది. దాన్ని దాటితే సందు, సందు చివర చంద్రవంక వాగు. గేదెలు నీళ్ళకు పోవడం, రావడం అంతా ఆ తలుపులోంచే.

ఒకరోజు ఆ సందులో నడుస్తూ ఆ తలుపు చూశాను. వేప చెక్కలు. ఒకచోట చెక్క ఊడితే కిరసనాయిలు డబ్బా రేకు కొట్టి ఉంది. గేదెల డొక్కలు రాసుకుని రాసుకుని రెండు వైపులా నున్నగా మెరుస్తోంది. గడపరాయి నడుమ గిట్టల అరుగుడుకు పళ్ళెంలా గుంట పడింది. ఎన్నేళ్ళ గిట్టలో! ఫోటో తీయబోతుంటే సుబ్బులు బయటికి వచ్చింది.

"ముందు తలుపు తియ్యండి పంతులుగారూ, కొత్తగా రంగేశాం. ఇది గొడ్లు పొయ్యేదిగా" అంది. నేను తీస్తూనే ఉంటే నవ్వి, "తీసుకొని యాడికి పంపుతారు? ఎవురు చూత్తారు వీటిని?" అని అడిగింది.

గుంటూరు పంపుతానన్నాను. ఆమె తలూపింది. అంతే.

ఆ ఫోటో చక్కగా వచ్చింది. తలుపు, రేకు, గడపరాయి గుంట, వెనక ఒక గేదె మూతి. మిగతావాటితో పాటు ట్రంకు పెట్టెలో దాచుకున్నాను.

ఆ తరవాత కొన్నాళ్ళకు పోలీసు స్టేషన్ నుంచి పిలుపు వచ్చింది. బడి నడుస్తుండగా పిల్లలందరి ముందూ కానిస్టేబులు వచ్చి తీసుకుపోయాడు. స్టేషన్లో హెడ్డు కానిస్టేబులు నన్ను పొద్దు గూకేదాకా గోడ పక్కన నిలబెట్టాడు. ఎవరికోసం తీస్తున్నావు, ఆ తలుపే ఎందుకు, ఈ వీధే ఎందుకు అని గుచ్చి గుచ్చి అడిగాడు. కెమెరా వెనక మూత ఊడదీసి, అందులో ఉన్న ఫిల్మును రిబ్బనులా లాగి వెలుగులో పట్టుకుని చూశాడు. అది పాడైపోయింది. చివరికి నన్ను వదిలేశాడు, కెమెరా కూడా తిరిగి ఇచ్చాడు. కానీ మర్నాడు బళ్ళో తోటి మేష్టర్లు నా పక్కన కూర్చోలేదు. హెడ్మాష్టరు గారు నాతో మాట్లాడుతూ కిటికీలోకి చూశారు.

ఎవరో చెప్పి ఉండాలి. ఎవరు? ఒక్కొక్క మొహాన్నీ గుర్తు తెచ్చుకుని తూచేవాణ్ణి. ఇంటాయనా? లెక్కల మేష్టరా? అలా తిరిగి తిరిగి నా మనసు సుబ్బులు దగ్గర ఆగింది. యాడికి పంపుతారని అడిగింది ఆమె ఒక్కతే. హెడ్డు ఇంటికి పాలు పోసేదీ ఆమే. ఈ రెండూ కలిపాక ఇక ప్రతీదీ సాక్ష్యమే అయింది. నన్ను చూసి నవ్వితే తప్పు కప్పుకోవడానికి నవ్వుతోందనుకున్నాను. నవ్వకపోతే మొహం చెల్లడం లేదనుకున్నాను. ఒకనాడు అడగకుండానే కాస్త ఎక్కువ పాలు పోసింది. ఇదేమన్నా పరిహారమా అనుకుని మర్నాటి నుంచి పాలు మానేశాను. కారణం చెప్పలేదు. ఆమెను ఒక్క మాట అడిగితే తేలిపోయేది గదా, ఎందుకు అడగలేదు? అడిగితే కాదంటుందనీ, కాదంటే నమ్మాల్సి వస్తుందనీ భయపడ్డానేమో.

సుబ్బులు పెరటికి ఆనుకుని పేరయ్య గారి దొడ్డి ఉండేది. పేరయ్య గారంటే పెద్ద రైతు, ఊళ్ళో మాట చెల్లేవాడు, మా బడి కమిటీలో మెంబరు. ఆ సందును తన దొడ్డిలో కలుపుకోవాలని ఆయనకు ఎప్పటినుంచో ఉందట. లక్ష్మయ్యకు రొమ్ము నొప్పి ఎక్కువై, గేదెల్ని బొల్లాపల్లిలో ఉన్న తమ్ముడికి అప్పజెప్పి, సుబ్బులు మొగుణ్ణి గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయింది. తిరిగొచ్చేసరికి పెరటి తలుపు లేదు. ద్వారబంధంతో సహా పెరికేసి, రాళ్ళు పేర్చి, సున్నం పూసేశారు. గడపరాయి కూడా మాయం. అదేందని అడిగితే, అక్కడ తలుపెప్పుడుంది, మొన్న మధ్య గోడకు కన్నం పెట్టుకుని గొడ్లను తోలుతుంటే పూడ్చానన్నాడు పేరయ్య. చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన చుట్టాలో, ఆయన పొలం చేసేవాళ్ళో. ఎవరూ నోరెత్తలేదు.

సుబ్బులు నా గదికి వచ్చింది. బడి లేని రోజు. నేను ట్రంకు పెట్టె మీద కూర్చుని చొక్కా బొత్తాం కుట్టుకుంటున్నాను. ఆమె గుమ్మం బయటే నిలబడింది.

"పంతులుగారూ, మా పెరటి తలుపు బొమ్మ తీశారు గదా. గుర్తుందా?"

"ఊఁ."

"అది రేపు చావిట్లో పంచాయితీ పెద్దోళ్ళకు చూపియ్యాల. అసలు తలుపే లేదంటన్నాడు పేరయ్య మావ. ఆ గడపరాయి చూత్తే చాలు, అది మా అత్త కాపరానికొచ్చిన కాడ్నించీ ఉన్నదని ఎవురికైనా తెలుత్తది."

"ఆ బొమ్మ రాలేదు."

"రాలేదా?"

"స్టేషన్లో హెడ్డు నా కెమెరా ఊడదీశాడు గదా. ఫిల్ముకు వెలుగు తగిలి మొత్తం పోయింది. మీ తలుపు అందులోనే ఉంది."

స్టేషన్ అన్న మాట నొక్కి పలికాను. పలికి ఆమె మొహంలోకి చూశాను. తొట్రుపడుతుందేమోనని, కళ్ళు దించుకుంటుందేమోనని. ఆమె రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది.

"అయ్యో, వాళ్ళ చేతులిరగ! మీరు పడ్డ కష్టమంతా పాడుజేశారే" అంది.

నా కష్టం! తన తలుపు పోయిందని వచ్చిన మనిషి నా ఫిల్ము పోయిందని బాధపడింది. ఆ క్షణానైనా నేను పెట్టె మీద నుంచి లేచి ఉంటే సరిపోయేది. లేవలేదు. ఎంత బాగా నటిస్తోందో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఆమె వెళ్ళిపోయాక కూడా చాలాసేపు ఆ పెట్టె మీదే కూర్చున్నాను. నాకు అప్పుడు కలిగింది సంతోషమే. మీ దగ్గర దాచి ఏం ప్రయోజనం? కసి తీరిన సంతోషం.

మర్నాడు చావిడికి నేనూ వెళ్ళాను. వెనక వరసలో నిలబడ్డాను. పేరయ్య చెప్పాల్సింది చెప్పాడు. తలుపు చూసినవాళ్ళుంటే ముందుకు రమ్మన్నారు పెద్దలు. ఎవరూ రాలేదు. అప్పుడు సుబ్బులే నా వైపు చెయ్యి చూపించి, పంతులుగారు బొమ్మ తీశారనీ, అది పోలీసుల చేతిలో పాడైందనీ, లేకపోతే ఆయన తప్పకుండా చూపించేవారనీ చెప్పింది. నా తరఫున ఆమె సంజాయిషీ ఇచ్చింది. అందరూ నా వైపు తిరిగారు. పేరయ్య కూడా చూశాడు. నిజమేనని తలూపాను. బొమ్మ లేకపోతే పోయింది, నోటితో చెప్పు, తలుపు చూశావా లేదా అని ఒక పెద్దాయన అడిగాడు. సరిగ్గా గుర్తు లేదన్నాను.

తీర్పు గోడకే అనుకూలంగా వచ్చింది.

గేదెల్ని పెరట్లోకి తోలుకునే దారి లేక సుబ్బులు అమ్మేసింది. మొగుడి రొమ్మును తిన్న క్వారీకే తాను రాళ్ళు మోయడానికి పోయింది. ఆ ఏడు తిరక్కుండానే లక్ష్మయ్య చనిపోయాడు. పాలున్నా బతికేవాడు కాదేమో. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

తరవాత హెడ్డుకు బదిలీ అయింది. రైలు స్టేషన్లో సామాను పక్కన నిలబడి కనిపించాడు. నన్ను చూసి పలకరించాడు. అధికారం దిగిపోయిన మనిషిలా కులాసాగా ఉన్నాడు. ఎన్నాళ్ళనుంచో నాలుక మీద ఉన్న మాట అడిగేశాను. ఆనాడు నా మీద చెప్పిందెవరండీ అని.

"ఎవురో వచ్చి చెప్పాల్నా పంతులూ? మా స్టేషన్ ముందునుంచే గదా నువ్వు రోజూ తిరిగేది" అని నవ్వాడు. "నేనే చూశా. వీడి పనేందో కనుక్కుందామని పిలిపించా. ఎవురూ జెప్పలా."

ఎవరూ చెప్పలేదు. నేను వేసిన లెక్కలన్నీ, ఆ నవ్వులకూ ఆ పాలకూ నేను చెప్పుకున్న అర్థాలన్నీ, లేని మనిషి చుట్టూ అల్లుకున్నవి.

ఇక్కడితో ఆగిపోతే నన్ను మీరు తెలివితక్కువవాడని అనుకుని వదిలేయవచ్చు. ఆగలేదు. ఫోటో ఇంకా నా దగ్గరే ఉంది. ఆ సాయంత్రమే తీసుకెళ్ళి పెద్దల ముందు పెట్టవచ్చు. సుబ్బులుకు ఇస్తే గురజాల కోర్టుకైనా పోయేది. నేనేం చేశానో తెలుసా? గదికి వచ్చి, ఆ ఫోటోనూ దాని ఫిల్మునూ వెతికి తీసి, పొయ్యిలో పెట్టాను. చూపిస్తే ముందెందుకు లేదన్నావని అడుగుతారు. చావిట్లో అందరి ముందూ అబద్ధమాడినవాణ్ణవుతాను. పేరయ్య కమిటీలో ఉన్నాడు, ఉద్యోగం ఉంటుందో పోతుందో. ఇవన్నీ ఆ పొయ్యి ముందు స్పష్టంగా ఆలోచించాను. అప్పుడు నాకు సుబ్బులు మీద అనుమానం రవ్వంత కూడా లేదు. అయినా కాల్చాను.

అందుకే ఇప్పుడు ఇంకో ప్రశ్న వేధిస్తుంది. మొదట్లో మాత్రం అది నిజంగా అనుమానమేనా? పేరయ్య అంటే భయం నాకు మొదటినుంచీ ఉంది. ఆ భయాన్ని భయమని ఒప్పుకోలేక, ఆమె మీద ఒక నేరం మోపి, దాని చాటున దాక్కున్నానా? తెలియదు. ఎంత తవ్వినా తేలడం లేదు.

నరసరావుపేటకు బదిలీ పెట్టుకుని వెళ్ళిపోయాను. వెళ్ళే రోజు రైలు కదలబోతుండగా అవతలి పట్టాల మీద వ్యాగనుకు నాపరాళ్ళు ఎక్కిస్తున్నారు. తలగుడ్డ మీద రాయి పెట్టుకుని సుబ్బులు ఆ వరసలో ఉంది. నన్ను చూసిందో లేదో. నేను రెండో వైపు కిటికీకి మారి కూర్చున్నాను. మళ్ళీ ఆ ఊరికి పోలేదు.

కెమెరా ఎవరికో ఇచ్చేశాను. అనుమానం మాత్రం పోలేదు. భార్య పక్కింటావిడతో గొంతు తగ్గించి మాట్లాడితే నా గురించేననుకున్నాను. పిల్లలు నేను రాగానే నవ్వు ఆపితే ఎందుకాపారని నిలదీశాను. వాళ్ళు నన్ను వదిలి దూరంగా జరిగారు. నిజానికి నేను ఎదురు చూసింది ఒక్కటే. ఎవరో ఒకరు ఎక్కడినుంచో వచ్చి, ఆ ఫోటో నీ దగ్గరే ఉండేదిగా అని అడుగుతారని. ఎవరూ అడగలేదు. ఎవరికీ తెలియనే తెలియదు.

సుబ్బులు బతికి ఉందో లేదో తెలుసుకునే ప్రయత్నం చేయలేదు. బతికి ఉంటే క్షమించమని అడగాలి, ఆ అర్హత నాకు లేదు. మీరు క్షమించడానికి ఇది మీకు చేసిన తప్పు కాదు. నా దగ్గర ఇప్పుడు రుజువు లేదు, అది నేనే కాల్చేశాను. మిగిలింది నోటిమాట ఒక్కటే. చావిట్లో ఆ పెద్దాయన అడిగింది కూడా అదే. ఆలస్యంగానైనా చెబుతున్నాను, రాసుకోండి. ఆ గోడలో తలుపు ఉంది. నేను నా కళ్ళతో చూశాను.