అన్నయ్య పేరు మీద వచ్చిన విమానం టికెట్టు

వచ్చేశాయండీ! గన్నవరం నుంచి బొంబాయికి రెండు విమానం టికెట్లు, పోనూ రానూ! పన్నుల కింద కట్టిన కాస్త సొమ్ము తప్ప మిగతాదంతా క్రెడిట్ కార్డు పాయింట్లతోనే. ఒకటి మా అమ్మకు, రెండోది మా అన్నయ్య పేరు మీద. అన్నయ్య ఆరేళ్లప్పుడే పోయాడు. కంగారు పడకండి, ఆ సీట్లో కూర్చునేది నేనే.

గ్యాసు, కరెంటు బిల్లు, కిరాణా, బండికి పెట్రోలు, ఎలాగూ తప్పని ఈ ఖర్చులన్నీ కార్డు మీదే పెట్టి, గడువు రాకముందే మొత్తం కట్టేస్తూ, రూపాయి వడ్డీ పడకుండా అయిదేళ్లు పాయింట్లు పోగేశాను. కల్లంలో తాలు మిరపకాయల్ని కూడా పారెయ్యకుండా ఏరుకునే కూలివాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణి, చిన్నవి పోగెయ్యడం నాకొకరు నేర్పాలా చెప్పండి! అమ్మ కోరిక ఒక్కటే, కళ్లు పూర్తిగా మసకబారకముందే అన్నయ్యను పూడ్చిన చోటు చూడాలని.

నాకు నాలుగేళ్లప్పుడు మా కనిగిరి వైపు వానలు లేక, అమ్మా నాన్నా మా ఇద్దర్నీ తీసుకుని బొంబాయిలో ఇళ్లు కట్టే పనికి వెళ్లారు. అక్కడే జ్వరం వచ్చి అన్నయ్య పోయాడు. తిరిగొచ్చాక నన్ను బళ్లో వేయడానికి వెళితే మాస్టారు వయసుకు ఏదైనా కాగితం తెమ్మన్నారు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కాగితం అన్నయ్య బాప్తిస్మపు చీటీ. నాన్న అదే ఇచ్చారు. మన తరంలో ఇలాంటివి మీ ఊళ్లోనూ జరిగే ఉంటాయి. ఆ రోజు నుంచి బడిలో, కాలేజీలో, బడిపంతులు ఉద్యోగంలో నేను దానియేలును, ఇంట్లో మాత్రం చిన్నోణ్ణి. మా వంశంలో మొదటి డిగ్రీ నాదే, దాని మీద పేరు మాత్రం అన్నయ్యది. అమ్మ దాన్ని గోడకు తగిలించనివ్వలేదు, ట్రంకు పెట్టెలో అన్నయ్య చొక్కాలో చుట్టి దాచింది. రిటైర్మెంటు కూడా అన్నయ్య వయసుకే, రెండేళ్లు ముందుగానే ఇచ్చారు.

ఈ నెల మొదట్లో నేను బజారు నుంచి నల్లపాడులోని మా ఇంటికి వచ్చేసరికి నా ఫోను అమ్మ చేతిలో ఉంది.

“నాకెవరైనా ఫోను చేశారా అమ్మా?”

“నీక్కాదురా, అన్నకి.”

కార్డు వాళ్ల అమ్మాయి వివరాలు సరిచూసుకోవడానికి చేసి దానియేలు గారున్నారా అని అడిగిందట. అమ్మ ఉన్నమాట చెప్పింది: “వాడెక్కడున్నాడు తల్లీ, వాడు పోయి యాభై ఏళ్లు దాటింది. బొంబాయిలో పడుకోబెట్టి వచ్చాం.” ఆ అమ్మాయి సారీ అమ్మా అని పెట్టేసిందట.

మర్నాడు పెట్రోలు బంకులో కార్డు పని చెయ్యలేదు. బ్యాంకుకు వెళితే, కంప్యూటర్లో నేను చనిపోయి ఉన్నాను. పాయింట్లు నిలిచిపోయాయి. నెలాఖరు దాటితే అవి రద్దయిపోతాయి, అమ్మ ప్రయాణమూ పోతుంది. మేనేజరు మా అబ్బాయి వయసువాడు, ఇబ్బందిగా నవ్వాడు.

“మాస్టారూ, మీరున్నారని నాకు కనపడతానే ఉందండీ. కానీ మీరు పోయారని మీ ఇంట్లోంచే చెప్పారు. చెప్పినావిడే వచ్చి కాదని చెప్పి వేలిముద్ర వెయ్యాలి.”

ఇంత చిన్న పనికి అమ్మ రెండు రోజులు ఒప్పుకోలేదు. “వాడు బతికే ఉన్నాడని ఎట్టా చెప్పమంటావురా? వాడు వింటాడు” అంది. పట్టపగలు, ఎదురుగా డాబా మీద మిరపకాయలు ఎండుతున్న వేళ, ఆ మాటకు నేను వెనక్కి తిరిగి చూశాను.

మూడో రోజు తనే చీర మార్చుకుని బయలుదేరింది. మేనేజరు గదిలో ఈయన మీ అబ్బాయి దానియేలేనా అని అడిగారు. అమ్మ నా ముఖం చూడలేదు, నా భుజం పక్కన, మనిషి నడుమెత్తున ఖాళీగా ఉన్న చోటు చూసింది. “దానియేలూ” అని పిలిచింది. పుట్టి బుద్ధెరిగాక అమ్మ నోట ఆ పేరుతో పిలుపు నేను వినలేదు. “ఆఁ అమ్మా” అన్నాను. ఆ గొంతు నాదిలా లేదు, పల్చగా, పిల్లవాడి గొంతులా ఉంది. మేనేజరు చేతులు రుద్దుకుంటూ లేచి ఏసీ తగ్గించాడు.

“వీడేనయ్యా,” అంటూ అమ్మ వేలిముద్ర వేసింది. “ఎదిగాడు.”

పాయింట్లు తిరిగొచ్చాయి, ఈ మధ్యాహ్నం టికెట్లూ వచ్చాయి, నాకు కాళ్లు నేల మీద ఆనడం లేదు! అయితే ఆ రోజు నుంచి అమ్మ నన్ను చిన్నోడా అని పిలవడం మానేసింది. వంటింట్లోంచి దానియేలూ అని కేకేస్తుంది, నేను పలుకుతాను. ఒక్కోసారి నేను పలకకముందే ఎవరితోనో మాట్లాడుతూ ఉంటుంది. అప్పట్లో ఒక్క కాగితం ఇద్దరు పిల్లలకు సరిపోయింది. ఇప్పుడు ఒక్క మనిషికి ఎన్ని కాగితాలున్నా చాలడం లేదు. ఇంతకీ చిన్నోడు అనేవాడు ఉన్నాడని చెప్పే కాగితం ఎక్కడా లేదు, అమ్మ నోట ఉన్న ఆ పిలుపు తప్ప.

సరే, ఇంకా ఫోను చెయ్యాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు. బొంబాయి నుంచి వచ్చాక పుట్టిన, దాచేపల్లిలో ఉన్న చెల్లెలు, అది ముందు నమ్మదు. ప్రయాణానికి ప్రార్థన పెట్టమని పాస్టరు గారు. విమానం ఎక్కలేవులే అని పందెం కాసిన తోటి మాస్టారు. బ్యాంకు మేనేజరు. బొంబాయిలో అప్పుడు మా పక్క గుడిసెలో ఉండి, గొయ్యి తవ్విన మామయ్య. ఆ చోటు ఆయనొక్కడికే తెలుసు. ఉన్నాడో లేడో.