ఎలెనీ ఆంటీ కొట్టేసిన మాటలు

మేముండే ట్రాయ్ ఊళ్లో, మా పక్కింట్లో ఒంటరిగా ఉండే ఎలెనీ ఆంటీ నాకు వారం వారం గ్రీక్ నేర్పుతున్నారు. "బహుశా", "కావచ్చు" లాంటి అనుమానపు మాటలతో మూడు ఇంగ్లీష్ వాక్యాలు రాసుకుని గ్రీక్‌లోకి మార్చమని ఈసారి హోంవర్క్ ఇచ్చారు. సోమవారం చూసినప్పటి నుంచి నోటిదాకా వచ్చి ఆగిపోతున్న సంగతినే రాసేశాను.

"మీ మేడమీద గదిలో బహుశా ఎవరో పెద్దాయన ఉన్నారు. కిటికీ దగ్గర నిలబడి ఉండవచ్చు. మీ కోసం చూస్తూ ఉండవచ్చు."

ఈ సాయంత్రం మా వంటింట్లో టీ తాగుతూ ఆవిడ నా పేపర్ దిద్దారు. అనుమానపు మాటలన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేశారు.

"గ్రీక్ తప్పు రాశానా ఆంటీ?" అన్నాను.

"గ్రీక్ బాగానే ఉంది. ఆయన మా ఆయనే. రోజూ ఈ టైమ్‌కి వస్తారు. నేను లేట్ చేస్తే లైట్ వేస్తారు," అన్నారు.

ఆయన పోయి రెండేళ్లయింది. అంత్యక్రియలకు నేనూ వెళ్లాను.

ఇంతలో మా వంటింటి కిటికీలోంచి కనిపించే వాళ్ల మేడమీద లైట్ వెలిగింది. ఆవిడ కప్పు సింక్‌లో పెట్టి, గబగబా ఇంటికి వెళ్లిపోయారు.

ఆ లైట్‌కి టైమర్ ఉండి ఉండవచ్చు. మీరేమంటారు? ఏమైనా అనండి గానీ, పై వాక్యంలో "ఉండవచ్చు"ని మాత్రం కొట్టేయకండి.