పైకొచ్చిన మనిషి కోసం

నా చిన్నప్పుడు, గోదావరిఖనిలో మా క్వార్టరు పక్కింటి అక్క ఒకే నవలను నాలుగుసార్లు చదివింది. ప్రియుడు వరదలో చిక్కుకున్నాడనుకుని నాయిక అతణ్ణి వెతుకుతూ నదిలోకి దిగే కథ అది. అతడు అప్పటికే అవతలి ఒడ్డు చేరి ఉంటాడు. ఆ నవలను సినిమాగా తీశారని, ప్రతి దృశ్యం పటం కట్టినట్టుందని విని, మొదటి నుంచి చూడాల్సిందేనని అక్క తన భర్తతో పట్టుబట్టింది. ఆయనను నేను బావ అనేదాన్ని.

బావ, నేను బాపు అని పిలిచే మా నాన్న, ఇద్దరిదీ ఒకే గని, ఒకే షిఫ్టు. దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళను బోర్డుకు తగిలించాలి. పైకి రాగానే తీసి అప్పగించాలి. సినిమాకు వెళ్ళే రోజు బావ మ్యాట్నీ తొందరలో షిఫ్టు ముగియకముందే రెండో దారిన బయటపడి, బిళ్ళ సంగతి మరిచి, అక్కా నేనూ ఎదురుచూస్తున్న టాకీసుకు నేరుగా వచ్చాడు. చెవుల వెనుక బొగ్గు ఇంకా పోలేదు.

"గిట్లనే వచ్చినవా? జర మొకమన్న కడుక్కోవద్దా?" అంది అక్క.

"కడుక్కుంట కూసుంటే నీ సినిమా సగమైతది" అన్నాడు బావ.

తెర నిండా పట్టుచీరలు, నిలువుటద్దాలు, వెన్నెల. నాయిక మెల్లగా నీటిలో అడుగుపెడుతుండగా గని సైరను మోగింది. వేళ కాని వేళ ఆ కూత వినిపిస్తే గనిలో ప్రమాదమని మా ఊళ్ళో పిల్లలకూ తెలుసు. హాలు క్షణాల్లో ఖాళీ అయింది. తెర మీద ఆమె, చూసేవాళ్ళెవరూ లేకుండానే మునిగిపోయింది.

గని గేటు దగ్గర గుమాస్తా ఒక్క నంబరు చదివాడు. షిఫ్టు ముగిసి అందరూ పైకి వచ్చినా, ఆ షిఫ్టు బిళ్ళల్లో బోర్డు మీద అదొక్కటే మిగిలింది.

"అది నాదే గదా" అన్నాడు బావ, అక్క పక్కనే నిలబడి.

గుమాస్తా ముఖం పాలిపోయింది. బావను వెతకడానికి ముగ్గురు అప్పటికే కప్పు సరిగా లేని పాత సొరంగంలోకి వెళ్ళారు. ముందు నడిచింది మా బాపు.

వాళ్ళను వెనక్కి పిలవడానికి ఇంకొకరు దిగారు. నేను గేటు కమ్మి పట్టుకుని నిలబడ్డాను. లారీ కదిలినా, తలుపు మూసినా, కప్పు కూలిందనే అనుకున్నాను. బావ నేల మీద కూలబడి తల ఎత్తలేదు.

బాపు పైకి వచ్చాడు. బావను కొడతాడనుకున్నాను. ఎదురుగా చతికిలబడి, "బతికున్నవ్ గదరా, గది చాలు. కని నువ్వు పైకొచ్చినవని చెప్పకపోతే, నీ కోసం ఇంకోడు కిందికి దిగుతడు. యాది పెట్టుకో" అన్నాడు. అంతే. లేచి వెళ్ళి, బావ బిళ్ళను తానే బోర్డు మీంచి తీసి గుమాస్తాకు అప్పగించాడు.

తరువాత ముప్పై ఏళ్ళు గనుల పటాలు గీసే ఉద్యోగం చేశాను. ఇప్పుడు పెద్దపల్లి దాకా వెళ్ళివచ్చినా సరే, చెప్పులు విడవకముందే ఫోను చేసి ఇల్లు చేరానని చెబుతాను. మనవరాలు నవ్వుతుంది: "గింత దూరానికి గూడ చెప్పుడేంది అమ్మమ్మా?" నవ్వుకోనీ. నా కోసం ఎవరూ ఎక్కడికీ దిగకూడదు.