మోర్సు కీకి పెట్టిన బొట్టు

మొన్న మా పాత హామ్ రేడియో క్లబ్బు, అంటే సరదాకి వైర్‌లెస్ నడిపేవాళ్ల సంఘం, వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫొటో పెట్టారు. కొత్తగా కొన్న ఖరీదైన సెట్టుకు నిమ్మకాయా, ఏడు పచ్చిమిరపకాయలూ వేలాడుతున్నాయి. కింద వరసగా అందరి దండాలు. తరంగాలు ఆకాశంలో ఎలా ప్రయాణిస్తాయో బోర్డు మీద బొమ్మలు గీసి పిల్లలకు పాఠాలు చెప్పే పెద్దమనుషులే వీళ్లంతా! సిగ్గులేని జాతి అనుకున్నాను. అనుకున్నాక, తొంభైల నాటి ఢిల్లీ గుర్తొచ్చి, ఆ జాతిలో నేనూ ఉన్నానని ఒప్పుకోవలసి వచ్చింది.

అప్పట్లో మేము సెలవురోజుల్లో ఒక సైనిక మ్యూజియంలో, పాత ఫిరంగుల మధ్య బల్ల వేసుకుని, బడిపిల్లలకు వైర్‌లెస్ ఎలా పనిచేస్తుందో చూపించేవాళ్లం. క్లబ్బు అధ్యక్షుడు సరోజినీ నగర్ క్వార్టర్లలో ఉండే తెలుగాయన, ఆఫీసులో నా పైఅధికారి. నా పనితీరు మీద ఏటా కాన్ఫిడెన్షియల్ రిపోర్టు రాసేదీ ఆయనే. ఎలక్ట్రానిక్స్‌లో పట్టా పుచ్చుకున్న ఆ మేధావి రాహుకాలం చూడందే ఏరియల్ తీగ కూడా కట్టనిచ్చేవాడు కాదు.

ఆ ఏడాది ప్రదర్శనలో తొలి సందేశం పంపే అవకాశం ఫరీదాబాద్ బడిలో సైన్సు చెప్పే టీచరుకు దక్కింది. తెలుగావిడే, భర్త పోయి ఏడాది కాలేదు. లైసెన్సు పరీక్ష మా అందరికంటే మంచి మార్కులతో పాసయి, నెలరోజులు సాధన చేసి, తన చేతి చుక్కలకూ గీతలకూ ఎక్కడినుంచో జవాబు వస్తుందని తన పిల్లలకు మాటిచ్చి మరీ వెంటబెట్టుకొచ్చింది.

అధ్యక్షుడు రేడియో ముందు కొబ్బరికాయ కొట్టి, చుక్కలూ గీతలూ కొట్టే మోర్సు కీకి తడి గంధం దట్టంగా పూసి, కుంకుమ అద్దాడు. ఆవిడ కూర్చుని కీ నొక్కింది. చప్పుడు లేదు. మళ్లీ నొక్కింది. లేదు.

“బజ్ నహీ రహా, మేడం,” మోగడం లేదంది ముందు వరసలో ఒక పిల్ల.

అధ్యక్షుడు గొంతు తగ్గించాడు, అందరికీ వినబడేంత మాత్రమే. “ఏమీ అనుకోకండమ్మా. శుభమా అని మొదలుపెడుతూ మిమ్మల్ని... ఠీక్ హై, మీరు కాస్త లేవండి.”

ఆవిడ లేచింది. నేను వంగి చూశాను. కీ నొక్కినప్పుడు ఒకదానికొకటి తగలవలసిన రెండు మొనల నడుమ కుంకుమ కలిసిన గంధం పేరుకుని ఉంది. విజిటింగ్ కార్డు దూర్చి లాగితే అంచుకు ఎర్రటి ముద్ద అంటుకొచ్చింది. అంతలో ఆయన కుర్చీలో కూర్చుని నొక్కనే నొక్కాడు. కీ కుయ్యిమంది, ఢిల్లీలోనే మరోమూల జియా సరాయ్ నుంచి మా సభ్యుడు జవాబిచ్చాడు, పిల్లలు చప్పట్లు కొట్టారు.

“చెయ్యి మారేసరికి చూశారా!” అన్నాడు ఆ శాస్త్రజ్ఞుడు.

టీచరు నా చేతిలోని కార్డు వైపు చూసింది. “కుంకుమేనాండీ?”

“ఏమోనండీ,” అన్నాను, కార్డు జేబులో పెట్టుకుంటూ.

వితంతువును అపశకునమనే మూఢులను తెలుగువాళ్ల సభల్లో చీల్చిచెండాడిన వక్తను నేను. అదే మూఢత్వం నా పైఅధికారి రూపంలో ఎదురుగా కూర్చునేసరికి, రుజువు వేళ్ల మధ్య ఉండి కూడా ఏమో అనేశాను. ఆవిడ పిల్లల్ని లెక్కపెట్టి బస్సెక్కించుకుని వెళ్లిపోయింది. మళ్లీ క్లబ్బు గడప తొక్కలేదు.

ఇప్పుడు చేతిలో ఫోను ఉన్నవాడికి మా చుక్కలూ గీతలూ ఎందుకు? నేనూ రిటైరయ్యాను, నా మీద రిపోర్టులు రాసేవాడు లేడు. ఏ వేదిక మీదైనా నిర్భయంగా మాట్లాడతానని కుర్రవాళ్లు మెచ్చుకుంటారు. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడి ధైర్యం అది. “కుంకుమేనమ్మా, మీ చేతిలో ఏ దోషమూ లేదు” అనడానికి నాలుగు క్షణాలు చాలు. ఆ నాలుగు క్షణాలూ నాకు దక్కినప్పుడు నేను జేబు సర్దుకుంటున్నాను.