ఉతికిన జెండా

గంజి పెట్టి ఆరేసిన ఖద్దరు వాసన ముక్కుకు తగిలితే నేను ఇప్పటికీ చేతిలో పని ఆపేస్తాను. కాశీబుగ్గలో నా ఫొటో స్టూడియో పక్కింట్లో ఒక నాయకుడుంటాడు. ఎన్నికలు దగ్గరపడితే ఆయన చొక్కాలు దండెం నిండా బిగుసుకుని నిలబడతాయి. వీధిలో వాళ్లకు అది ఎన్నికల వాసన. నాకు మాత్రం రత్నం సిస్టరమ్మ గుర్తొస్తారు.

సిస్టరమ్మ ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం చర్చి, మిగతా రోజులు పాత జాతీయ జెండాలు. ఇదేం పిచ్చి అని ఊరంతా నవ్వుకునేది, నేనూ నవ్వాను. పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే వాళ్లతో ఆవిడకు ఒప్పందం ఉండేది. మూటలో మూడు రంగుల గుడ్డ కనబడితే ముందు ఆవిడకే చూపించాలి. బడుల్లో, పంచాయతీ ఆఫీసుల్లో వెలిసిపోయిన జెండాలు అలా వచ్చి చేరేవి. వాటికి ఫొటోలు తీయమని తొంభైల చివర్లో నన్ను పిలిచారు. అంచు కుట్టు చేతిదా మిషనుదా, నూలు ఎంత ముతక, తాడు దూర్చే చోట తుప్పు మరక ఉందా అని రోగి నాలుక చూసినట్టు చూసేవారు. ఫొటో బాగా రావాలని నేనొకసారి ఒక జెండా ముడత సరిచేయబోతే చేతి మీద చిన్న దెబ్బ వేశారు.

"ఆ ముడతే దాని వయసు బాబూ. ఇస్త్రీ సేసీసినావంటే ఇంక దాన్నేటడుగుతావు?"

సోంపేట అవతల, సముద్రం ఒడ్డున మత్స్యకారుల పేటలో పోలమ్మ అనే ముసలామె ఇంట్లో ఆవిడకు రాట్నం జెండా ఒకటి కనబడింది. జెండా మీదికి అశోకచక్రం రాకముందుది, పోలమ్మ మామగారు ఊరేగింపుల్లో పట్టుకున్నది. ఆ ఏడు పోలమ్మ కొడుకు వల తుపానులో పోయింది. వాడు పరాయి పడవల మీద కూలికి పోతున్నాడు. జెండా అమ్మితే కొత్త వల వస్తుందని లెక్క తేల్చి, సిస్టరమ్మ విశాఖ నుంచి పాతవస్తువులు కొనే పెద్దమనిషిని పిలిపించారు. ఫొటోల కోసం నేనూ వాళ్ల కారులోనే వెళ్లాను.

కారు దిగేసరికి జెండా దండెం మీద ఉంది. పోలమ్మ ముఖం వెలిగిపోతోంది. పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు దాన్ని ముస్తాబు చేసింది.

"పెద్దోలొస్తన్నారని సబ్బెట్టి ఉతికీసినాను సిస్టరమ్మా. గంజి కూడా ఎట్టినాను. మాసిపోయిన గుడ్డ పెద్దమనిసి సేతిలో ఎలాగెడతాం?"

రాట్నం లేదు. అది ఉండాల్సిన చోట నీలం మరక, దాని చుట్టూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన రంగులు. పెద్దమనిషి అంచు పట్టుకుని చూసి వదిలేశాడు. "ఇప్పుడిది ఉత్త గుడ్డండీ," అని కారు వైపు నడిచాడు.

"ఏటైనాది? నానేటి తప్పు సేసినాను?" అంది పోలమ్మ.

"నువ్వేటీ సెయ్యలేదు. ఉతకొద్దని నేను సెప్పనేదు," అన్నారు సిస్టరమ్మ.

అదే కారులో అందరం తిరిగొచ్చాం. కాశీబుగ్గలో తన ఇంటికి రాగానే సిస్టరమ్మ ముందుగదిలో గోడకున్న అద్దాల పటం దించారు. అందులోది స్వాతంత్ర్యం వచ్చిన ఉదయం ఆస్పత్రి మీద ఎగరేసిన జెండా. అక్కడ వాచ్‌మన్‌గా చేసిన వాళ్ల నాన్న దాచుకున్నది. ఆ పెద్దమనిషి ఎప్పుడు అడిగినా "నా శవం లేచాక పట్టుకెళ్లండి" అనేవారు. ఇప్పుడు తనే ఆయన చేతిలో పెట్టారు.

"డబ్బు నాకొద్దు. పోలమ్మ కొడుక్కి వల కొనివ్వండి."

ఆయన కూడా కాస్త తటపటాయించి తీసుకున్నాడు. కారు వెళ్లిపోయాక సిస్టరమ్మ ఏడ్చారు, చాటు చేసుకోలేదు. నాకు కోపం ఆగలేదు. ఎవరో సబ్బు పెట్టి ఉతికితే మీ నాన్న జెండా ఎందుకివ్వాలని అడిగాను.

"మందిచ్చి, ఎలా ఏసుకోవాలో సెప్పకుండా పంపించీసినాననుకో. తేడా సేస్తే తప్పు రోగిదా బాబూ?"



వల వచ్చింది. ఊరికే తీసుకోనని పోలమ్మ ఉతికిన జెండా తెచ్చి ఇచ్చి వెళ్లింది. సిస్టరమ్మ దాన్ని మిగతావాటితో పాటే పెట్టెలో ఉంచారు.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు పాత ఫొటోలు బాగుచేసి ఇచ్చేటప్పుడు తడిగుడ్డతో తుడవొద్దని, ఎండ తగిలేచోట పెట్టొద్దని చెబుతాను. మళ్లీ చెబుతాను. గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి ఇంకోసారి చెబుతాను. "ఈయనకేటి ఇంత సాదస్తం!" అని నవ్వుకుంటూ పోతారు. నవ్వనీ. పటం తీసేసిన చోట గోడ మీద మిగిలిన తెల్లటి ఖాళీ కింద ఆవిడ ఒక్కరే కూర్చుని అన్నం తినడం వాళ్లు చూడలేదు. నేను చూశాను.