చేయి జారిన టెంకాయ

కరెంటు పోతే ఇప్పటి పిల్లలు ఫోన్ ఎక్కడుందా అని తడుముకుంటారు గానీ, కడప పక్కన మా పల్లెలో మాకు ఆ చీకటే పండగ. మా నాయన అందరినీ అరుగు మీద కూర్చోబెట్టి ఒక జాతీయం చెప్పేవాడు. ఆ రోజు మేం కళ్ళారా చూసిన సంగతి ఒకటి దానికి అతికించి చెప్పాలి. నిజమైతే బెల్లం ముక్క, అబద్ధమైతే ఉన్న ముక్క కూడా పోతుంది. (బెల్లం కోసం నేను చెప్పిన నిజాలకు ఇంట్లో సగం మంది నాతో మాట్లాడటం మానేశారు.)

ఆ ఎండాకాలం మా బోరు ఎండిపోయింది. చీనీ చెట్లు, అంటే బత్తాయి చెట్లు, వాడుతున్నాయి. కొత్త బోరు వేసే లారీ చేలోకి వచ్చేసింది. ఇది కూడా తప్పితే తోట కొట్టేయడమే అన్నాడు జేజినాయన, అంటే నాయన వాళ్ళ నాయన. నీళ్ళ జాడ చూడటానికి మా మామ, అంటే అమ్మ తమ్ముడు, వచ్చాడు. అరచేతిలో టెంకాయను పడుకోబెట్టి నడుస్తుంటే, నీళ్ళున్న చోట అది దానంతటదే లేచి నిలబడుతుందని ఆయనకు పేరు. తోట మూలన కాయ లేచింది, అందరూ దండం పెట్టారు. ఆ సాయంత్రం ఆటలో నాయన "కళ్ళలో దుమ్ము కొట్టడం" అనగానే నేను, "మామ బొటనేలితో కాయను లేపినాడు, నేను చూసినా" అన్నాను. అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. మామ కాదంటాడనుకుంటే తల దించుకున్నాడు. "నిజమే బావా. ఈ మధ్య నా చేతిలో కాయ లేస్తాలేదు. మీరంతా ఆశగా చూస్తాంటే ఏం చేసేది" అన్నాడు. జేజినాయన, "అట్లయితే నిజం చెప్పిన పాప చేతికే కాయ ఇయ్యండప్పా" అన్నాడు.

తెల్లారి ఊరంతా చేలో ఉంది. నా అరచేతిలో కాయ పెట్టగానే నాకు పైప్రాణాలు పైనే పోయాయి. కాస్త దూరం నడిచానో లేదో, టెంకాయ చేయి జారి నా కాలి మీదే పడింది. నేను ఏడుస్తుంటే జేజినాయన అక్కడ రాయి పెట్టి "ఈడే" అన్నాడు. "చేయి జారింది జేజినాయనా, అంతే" అన్నాను. "ఊరకే యాడ జారుతాది పాపా" అన్నాడు. మధ్యాహ్నానికి అక్కడే నీళ్ళు ఎగజిమ్మాయి. అందరికన్నా ఎక్కువ బిత్తరపోయింది నేనే. మామ మాత్రం నన్ను ఎత్తుకుని ఏడ్చాడు.

ఇప్పుడు కర్నూలులో ఉద్యోగం చేసుకుంటున్నా ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు, "మా చేలో ఒకసారి కాయ పట్టుకోమ్మా" అని. నాకేమీ తెలియదని, ఆ రోజు చేయి జారిందని చెబుతాను. "శానా తెలిసినోళ్ళు అట్లే అంటారులేమ్మా" అంటారు. మొన్న ఊరికి పోయినప్పుడు నాయన మనవలతో ఆట పెట్టాడు. నేనూ కూర్చుని, ఆ రోజు ఊరకే చేయి జారిందని మళ్ళీ అదే నిజం చెప్పాను. నాయన "అబద్ధం" అని నా బెల్లం ముక్క లాక్కున్నాడు.